బాస్ ఫిషింగ్‌కి బెయిట్‌కాస్టింగ్ రాడ్ ఎలా సెలెక్ట్ చేసుకోవాలి?

డల్లాస్ చుట్టుపక్కల లేక్స్ దగ్గర వీకెండ్ వస్తే బాస్ చేపల కోసం మనవాళ్ళు బాగానే కనిపిస్తున్నారు, మంచిదే. కానీ సగం మంది చేతిలో ఉన్న రాడ్ ఒకటి, వాళ్ళు విసిరే లూర్ (చేపని మభ్యపెట్టే బొమ్మ ఎర) ఇంకొకటి. లైన్ చిక్కు పడిపోతే రీల్‌ని తిట్టుకుంటూ కూర్చుంటారు. రీల్ తప్పు కాదు బాబూ, చాలాసార్లు రాడ్ తప్పు.

ముందు ఈజీ విషయాలు చకచకా చెప్పేస్తా.

బెయిట్‌కాస్టింగ్ రాడ్‌కి గైడ్స్ (లైన్ దూరే రింగులు) పైకి ఉంటాయి, రీల్ పైన కూర్చుంటుంది, కింద వేలికి ట్రిగర్ ఉంటుంది. గైడ్స్ కిందకి ఉండి మొదటి రింగు పెద్దగా ఉంటే అది స్పిన్నింగ్ రాడ్, పక్కన పెట్టేయండి. ఎడమచేతి వాటం వాళ్ళు రాడ్ గురించి కంగారు పడక్కర్లేదు, కుడి ఎడమ తేడా రీల్‌కే.

పొడవు 7 అడుగులు. ఇంకో రెండు మూడు అంగుళాలు ఎక్కువైనా ఓకే. కయాక్‌లో కూర్చునేవాళ్ళు, బాగా పొట్టిగా ఉన్నవాళ్ళు ఆరున్నర దాకా దిగొచ్చు, మిగతావాళ్ళు వద్దు. సింగిల్ పీస్ మాత్రమే కొనండి. కార్లో పట్టదంటారా, వెనక సీటు మడవండి. హ్యాండిల్ కార్క్‌దే తీసుకోండి, ఫోమ్‌ది కూడా బానే ఉంటుందని చాలామంది అంటారు, అననివ్వండి.

మెటీరియల్ గ్రాఫైట్. రాడ్ మీద ఐఎమ్6, ఐఎమ్7, ఐఎమ్8 అని రాసుంటుంది, షాపులో వాళ్ళు 8 అంటే 6 కన్నా గొప్ప అన్నట్టు చెప్తారు. ఇవి మొదట ఒక కంపెనీ తన గ్రాఫైట్‌కి పెట్టుకున్న పేర్లు, తర్వాత అందరూ వాడేసుకున్నారు, అన్ని కంపెనీలకీ కలిపి ఒక కొలత అంటూ లేదు. వాటికోసం ఎక్స్‌ట్రా డబ్బులు పెట్టొద్దు. మొదటి రాడ్‌కి 100 డాలర్ల లోపు చాలు.

ఇప్పుడు అసలు విషయం, పవర్ ఇంకా యాక్షన్. అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

పవర్ అంటే రాడ్ వంగడానికి ఎంత బలం కావాలి అనేది. మీడియం, మీడియం హెవీ, హెవీ అని రాస్తారు. చిక్కేంటంటే ఒక కంపెనీ మీడియం హెవీ ఇంకో కంపెనీ హెవీతో సమానంగా ఉండొచ్చు, ఎవరి లెక్క వాళ్ళది. అందుకే ఆ పేరు చూసి కొనొద్దు, హ్యాండిల్‌కి కాస్త పైన చిన్న అక్షరాల్లో లూర్ బరువు, లైన్ రేంజ్ (ఎన్ని పౌండ్లు తట్టుకునే లైన్ వాడాలో) ఉంటాయి, అవి చదవండి. మొదటి రాడ్ మీద లూర్ 3/8 నుంచి 1 ఔన్స్, లైన్ 12 నుంచి 20 పౌండ్లు, ఈ దరిదాపుల్లో ఉంటే తీసుకోవచ్చు. ఆ రేంజ్‌కి మధ్యలో ఉండే బరువుకి రాడ్ బాగా పనిచేస్తుంది, రెండు చివర్లా ఇబ్బందే.

మీ లూర్ బరువు కూడా సరిగ్గా లెక్కేయండి. టెక్సస్ రిగ్‌కి (హుక్ మొనని ప్లాస్టిక్ వర్మ్‌లో దాచి కట్టే పద్ధతి) 1/4 ఔన్స్ సింకర్, అంటే బరువు గుండు పెట్టి, నాది 1/4 ఔన్సే కదా అంటారు. దానికి తగిలించిన 5 అంగుళాల ప్లాస్టిక్ వర్మ్ లావుదైతే అదే 3/8 ఔన్స్ దాకా తూగుతుంది, మొత్తం సగం ఔన్స్ దాటేసింది. అదే లూర్ మరీ తేలికైతే విసిరేటప్పుడు రాడ్ వంగదు, వంగకపోతే లూర్‌ని తోసే బలం ఉండదు, దాంతో మనం చేత్తో ఊపు పెంచుతాం, స్పూల్ (రీల్‌లో లైన్ చుట్టి ఉండే చక్రం) గిర్రున తిరుగుతుంది, లూర్ మాత్రం దాని వేగంతో పోదు, అంతే, రీల్ నిండా పిచ్చుకగూడు. 1/4 ఔన్స్‌కి తక్కువ వేసేది ఉంటే స్పిన్నింగ్ రాడ్ కొనుక్కోండి, ఈ రాడ్‌తో కుస్తీ పట్టొద్దు.

యాక్షన్ అంటే రాడ్ ఎక్కడ వంగుతుంది అనేది, పవర్‌తో కలిపేయకండి. ఫాస్ట్ అంటే చివరి మూడో వంతు దగ్గరే వంగి కింద గట్టిగా ఉంటుంది. మోడరేట్ అంటే పచ్చి వెదురు బెత్తంలా సగం దాకా వంగుతుంది. ఏది కావాలో హుక్‌ని బట్టి తేల్చుకోవాలి. జిగ్ (బరువైన లోహపు తల ఉన్న హుక్), టెక్సస్ రిగ్ లాంటి వాటికి ఒకటే లావు హుక్, అది బాస్ దవడలోకి దిగాలంటే గట్టి గుంజు కావాలి, సో ఫాస్ట్. క్రాంక్‌బెయిట్‌కి (చిన్న చేప ఆకారంలో ఉండే గట్టి లూర్) ఉండేవి మూడు ముళ్ళ సన్నటి ట్రెబుల్ హుక్స్, గట్టి రాడ్‌తో లాగితే చేప తల విదిలించగానే ఊడొస్తాయి, పైగా చేప లూర్‌ని పూర్తిగా నోట్లోకి తీసుకునేలోపే మనం లాగేస్తాం. వాటికి మోడరేట్. ట్రెబుల్ హుక్స్‌కి ఫాస్ట్ రాడ్, దానిమీద దాదాపు సాగని బ్రెయిడ్ (పోగులు అల్లి చేసిన) లైన్ కలిపితే మటుకు చేప పోయిందని ఏడవొద్దు.

ఒకే రాడ్ కొంటే 7 అడుగుల మీడియం హెవీ ఫాస్ట్ కొనండి, దానికి సింగిల్ హుక్ లూర్సే వాడండి. లేక్ ఫోర్క్ లాంటి చోట ఇది బాగా తెలుస్తుంది, 1992లో 18.18 పౌండ్ల టెక్సస్ రికార్డు బాస్ పడిన లేక్ అది, నీళ్ళలో ఎక్కడికక్కడ నిలబడిన చెట్ల మోళ్ళే. చేప కొమ్మల్లో దూరకముందే పక్కకి తిప్పాలి, మెత్తటి రాడ్‌తో ఆ పని అవ్వదు. అలాగని హెవీకి ఎగబడొద్దు, అది ఫ్రాగ్ (కప్ప బొమ్మ) లూర్‌కి, అలబామాలో గంటర్స్‌విల్ లాంటి గడ్డి లేక్స్‌కి, 50, 65 పౌండ్ల బ్రెయిడ్‌తో పని. ఇండియా వెళ్ళినప్పుడు కొరమీనుకి ఫ్రాగ్ వేద్దామనుకునేవాళ్ళకి అదే హెవీ రాడ్ పనికొస్తుంది, అది వేరే కథ.

షాపులో టెస్ట్ చేసేటప్పుడు ఇంకో జాగ్రత్త. చాలామంది గాల్లో ఊపి "అబ్బ సూపర్" అంటారు, అలా ఊపితే చివర ఊగడం తప్ప ఏమీ తెలీదు. ఇంకొందరు టిప్‌ని (రాడ్ కొసని) సీలింగ్‌కి ఆనించి నొక్కుతారు, లేదా చేత్తో పట్టుకుని విల్లులా వంచుతారు, గ్రాఫైట్ పుటుక్కుమంటే బిల్లు మీదే. ఒక రీల్ అడిగి తగిలించి, లైన్‌ని గైడ్స్‌లోంచి దూర్చి, ఇంకొకరిని ఆ లైన్ పట్టుకుని మెల్లగా కిందకి లాగమనండి, మీరు రాడ్‌ని 45 డిగ్రీల దగ్గర ఉంచండి, నిలువుగా లేపొద్దు. ఎక్కడ వంగుతుందో కళ్ళకే కనిపిస్తుంది. రీల్ ఎలాగూ ఉంది కాబట్టి దాని ముందు వేలు పెట్టి బ్యాలెన్స్ కూడా చూడండి, ముక్కు బాగా కిందకి వాలితే మధ్యాహ్నానికి మణికట్టు లాగేస్తుంది.

బిల్లు కట్టేముందు గైడ్స్ లోపల దూది తిప్పండి, పోగు పట్టుకుంటే అక్కడ పగులు ఉన్నట్టే, లైన్ తెగుతుంది, ఇంకోటి అడగండి. ఇంటికి తెచ్చేటప్పుడు టిప్ ఎక్కడుందో చూసుకున్నాకే కారు డోర్ వెయ్యండి, చేప కన్నా డోర్లే ఎక్కువ రాడ్లు విరగ్గొడతాయి.