ప్యూరిటన్ పెద్దమనిషి జీవితం రాయాలంటే ముందు ఆయన భార్య ఉత్తరాలు చదవండి

విజయనగరంలో మూడు లాంతర్లకు దగ్గర్లోనే మా ఇల్లు. చరిత్ర పాఠాలు చెప్పడం మానేసి చాలా కాలమైనా, డిగ్రీ పిల్లలు ప్రాజెక్టు కాగితాలు పట్టుకుని ఇంకా వస్తూనే ఉంటారు. మొన్న ఒక అబ్బాయి తెచ్చిన కాగితాల్లో మొదటి వాక్యం ఇది: "సర్ రాబర్ట్ హార్లీ ఇంగ్లండులోని హియర్‌ఫర్డ్‌షైర్ జమీందారు." నా ఎర్ర పెన్ను అక్కడే ఆగింది.

మీరూ ఇలాంటి మనిషి గురించి రాయబోతుంటే మొదట మాటలు సరిచూసుకోండి. మన వైపు జమీందారు అంటే 1802 శాశ్వత శిస్తు నిర్ణయం తర్వాత కంపెనీకి పేష్కషు కట్టి, రైతుల దగ్గర శిస్తు వసూలు చేసుకున్నవాడు. హార్లీకి ఆ పని లేదు. సొంత భూమి మీద వచ్చే కౌలుతో బతికాడు. ఆ తరగతివాళ్లు జీతం లేకుండా ఊరి తగాదాలూ చిన్న నేరాలూ విచారించేవాళ్లు, జిల్లా తరఫున పార్లమెంటుకు వెళ్లేవాళ్లు. "పల్లె పెద్దమనిషి" అంటే చాలు. "ప్యూరిటన్"ను మాత్రం అలాగే ఉంచండి. "మడి కట్టుకునేవాడు" అని అనువదిస్తే అర్థం తలకిందులవుతుంది. ఇంగ్లండు చర్చిలో మిగిలిన పాత కాథలిక్ ఆచారాలను ఊడ్చేయాలన్నది వీళ్ల పట్టు. చర్చిల్లోని శిలువలూ రంగుటద్దాలూ తీయించడానికి 1643లో పార్లమెంటు వేసిన కమిటీకి పెద్ద ఈ హార్లీయే. పైగా ప్యూరిటన్ అన్నది మొదట గిట్టనివాళ్లు పెట్టిన వెక్కిరింపు పేరు.

తర్వాత పార్లమెంటు వైపు పరిగెత్తకండి. ఇంట్లోకి వెళ్లండి. హార్లీ 1579లో పుట్టాడు. మూడో భార్య బ్రిలియానా ఆయనకన్నా దాదాపు ఇరవై ఏళ్లు చిన్నది. తండ్రి కాన్వే డచ్చి దేశంలోని బ్రిల్ పట్టణంలో ఉద్యోగం చేస్తున్నప్పుడు పుట్టింది కాబట్టి ఆ పేరు. పెళ్లి 1623లో, పెద్దకొడుకు ఎడ్వర్డ్ 1624లో. మొత్తం ఏడుగురు పిల్లలు.

ఆ పెద్దకొడుకు, ఇంట్లో నెడ్, 1638లో ఆక్స్‌ఫర్డుకు చదువుకు వెళ్లాడు. అప్పటినుంచి తల్లి రాసిన ఉత్తరాలను 1854లో అచ్చువేశారు. స్కాన్ చేసిన ప్రతి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అక్షరక్రమం చెవికి వినిపించినట్టు ఉంటుంది కాబట్టి పైకి చదవండి, అర్థమవుతుంది. ఒక ఉత్తరంతో పాటు మేకపిల్ల మాంసం పిండి పెంకులో పెట్టి కాల్చిన వంటకం పంపింది. ఒక సగానికి ఒకరకం మసాలా, రెండో సగానికి ఇంకోరకం. హాస్టలు పిల్లాడికి ఊరగాయ డబ్బా కట్టి పంపే మన తల్లులకు ఆవిడ గురించి వేరే చెప్పక్కర్లేదు.

అదే చేయి 1643లో, రాజు మొదటి చార్లెస్‌కూ పార్లమెంటుకూ మధ్య యుద్ధం ఇంటి ముంగిటికి వచ్చినప్పుడు మరోలా రాసింది. పైకి పొంతన లేని మాటలతో ఉత్తరం, విడిగా ఒక కత్తిరించిన కాగితం. సిరాతో గీసిన చిన్న శిలువ గుర్తులు రెండింటినీ కలిపి గుండుసూదితో గుచ్చితే, కోసిన కంతల్లోంచి కనిపించే మాటలే అసలు కబురు. ఒకసారి తెల్లకాగితం మీద మీరే చేసి చూడండి, భర్త లండన్‌లో పార్లమెంటులో కూర్చున్న కాలంలో ఆ ఇల్లు ఎలా నడిచిందో చేతికి తెలుస్తుంది.

ఇక చుట్టరికాల పటం. ఇక్కడ తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. రాజును ఎదిరించిన పార్లమెంటు నాయకులు జాన్ హాంప్డెన్, ఆలివర్ క్రామ్‌వెల్ "కజిన్లు" అని ఇంగ్లీషు పుస్తకాలు ఊరుకుంటాయి. హాంప్డెన్ తల్లి ఎలిజబెత్ స్వయానా ఆలివర్ తండ్రి రాబర్ట్‌కు తోబుట్టువు. అంటే మేనత్త కొడుకు, వయసులోనూ పెద్ద. ఆలివర్ మన జిల్లాలో పుట్టి ఉంటే "బావా" అని పిలిచేవాడు. పటంలో ఇలాంటి మాటే రాసుకోండి, పార్లమెంటులో ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో సగం అక్కడే తేలుతుంది. ఒక జాగ్రత్త: ఆనాటి ఉత్తరాల్లో "బ్రదర్" అంటే బావమరిది కూడా కావచ్చు.

తేదీల దగ్గర మోసపోవద్దు. అప్పటి ఇంగ్లండులో సంవత్సరం మారేది మార్చి 25న. మన ఉగాదిలాగే అనుకోండి. రాజు ఐదుగురు సభ్యులను పట్టుకోవడానికి సభలోకి వచ్చిన 1642 జనవరి 4, ఆనాటి కాగితాల్లో 1641గానే ఉంటుంది. నోటుబుక్కులో 1641/42 అని రెండూ వేయండి.

పార్లమెంటు భాగం తేలిక. ఆ సభ్యుల చరిత్రల సంపుటాలు ఉచితంగానే చదవొచ్చు. ప్రతి పేరు కిందా ముందు పుట్టుక, చదువు, పెళ్లి, పిల్లలు, పదవులు ఉంటాయి.

హార్లీల కోట ముట్టడి దగ్గరికి వచ్చేసరికి మన పిల్లలందరికీ బొబ్బిలి గుర్తొస్తుంది. "బ్రిలియానా మరో మల్లమ్మదేవి" అని రాశాడు మా అబ్బాయి. కొట్టేశాను. 1757లో బొబ్బిలి కోట ఒక్కరోజులో పడిపోయింది, ఆడవాళ్లను సొంతవాళ్లే చంపారు. హార్లీల ఇల్లయిన బ్రాంప్టన్ బ్రయన్ కోటను బ్రిలియానా రాజు పక్షం సైన్యానికి లొంగకుండా 1643 జూలై చివరినుంచి దాదాపు ఏడు వారాలు నిలబెట్టింది. ముట్టడిదారులతో ఉత్తరాలు నడుపుతూ కాలం గడిపింది. ముట్టడి ఎత్తేశారు. అక్టోబరులో జబ్బుచేసి పోయింది. కోట మరుసటి ఏడు లొంగిపోయి శిథిలమైంది. 1648 డిసెంబరులో రాజుతో రాజీ కోరినవాళ్లను సైన్యం సభలోంచి గెంటేసినప్పుడు తండ్రి హార్లీ, నెడ్ ఇద్దరూ వాళ్లలో ఉన్నారు. ఈ మలుపు వదలకండి, ప్యూరిటన్లందరూ రాజు తల కోరినవాళ్లే అనుకునే పొరపాటు దీంతో పోతుంది.

ఆ అబ్బాయి నిన్న మళ్లీ వచ్చాడు. మొదటి వాక్యం ఇప్పుడు మేకపిల్ల మాంసంతో మొదలైంది. మూడో పేజీలో జమీందారు మాత్రం ఇంకా ఒకచోట మిగిలాడు.