రోడ్ కింగ్ ముందు భాగానికి క్రోమ్ సొగసు – మూడవ పాఠం: ఫోర్కు కాళ్లు మార్చడం

గత పాఠంలో హార్లీ డేవిడ్‌సన్ రోడ్ కింగ్ బండికి అద్దాల కాడలు, హారన్ మూత, బ్రేకు లివర్ల వంటి చిన్న భాగాలు మార్చాం. ఈసారి చేయి వేయబోయేది ముందు చక్రాన్నీ బ్రేకునూ మోసే భాగం, అంటే ఫోర్కు మీద. ఫోర్కు కింద ఇరువైపులా కనిపించే రెండు అల్యూమినియం కాళ్లను తీసి, వాటి స్థానంలో క్రోమ్ పూత వేసినవి బిగించాలి. వీటిని స్లైడర్లు అంటారు. బండికి ఇంత అందం తెచ్చే మార్పు మరొకటి లేదని నా అభిప్రాయం. పొద్దుటి ఎండ పడినప్పుడు చక్రానికి రెండు వైపులా ఆ నిలువు మెరుపు చూస్తే పడిన శ్రమంతా మరిచిపోతాం. అయితే ఈ పని తొందరలో చేసేది కాదు. ఒక శని, ఆదివారాలు పూర్తిగా దీనికే కేటాయించండి.

ఏ బండికి ఏ కాళ్లు సరిపోతాయో ముందు తేల్చుకోవాలి. హార్లీ డేవిడ్‌సన్ టూరింగ్ బళ్లలో (దూర ప్రయాణాల బళ్లు, రోడ్ కింగ్ వాటిలో ఒకటి) ఈ కాళ్లు జారే లోపలి ఫోర్కు గొట్టం వ్యాసం 2013 వరకు 41 మిల్లీమీటర్ల పైచిలుకు. 2014 నుంచి 49 మిల్లీమీటర్లు. ఒకదాని కాళ్లు మరొకదానికి ఎక్కవు. 41 మిల్లీమీటర్ల వాటిలోనూ తేడాలున్నాయి. 2008లో బ్రెంబో కంపెనీ క్యాలిపర్లు (డిస్కును పట్టి ఆపే బ్రేకు భాగాలు) వచ్చాయి కాబట్టి అంతకు ముందటి కాళ్ల మీద అవి కూర్చోవు. పాత సామాను అమ్మేవారు ‘అన్ని టూరింగ్ బళ్లకూ సరిపోతుంది’ అంటే నమ్మకండి. తయారైన సంవత్సరం, మోడల్ చెప్పి, భాగం సంఖ్య సరిచూసుకున్న తర్వాతే డబ్బు కట్టండి. ఈ పాఠం 2008 నుంచి 2013 వరకు వచ్చిన రోడ్ కింగ్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మీ పాత కాళ్లనే ప్లేటింగ్ షాపుకు ఇవ్వవచ్చు కదా అని చాలామంది అడిగారు. ఇవ్వవచ్చు. కానీ అల్యూమినియం మీద క్రోమ్ నిలబడటం అంత సులువు కాదు. గాలి తగిలిన క్షణంలోనే ఆ లోహం మీద సన్నని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాన్ని తొలగించి, జింకు పూత ఇచ్చి, ఆపైన రాగి, నికెల్, చివరగా క్రోమ్ ఎక్కించాలి. మనం క్రోమ్ అని మురిసిపోయే మెరుపులో ఎక్కువ భాగం నికెల్‌దే. పైన ఉండే క్రోమ్ మందం మైక్రాన్‌లో సగం కూడా ఉండదు. అది నికెల్ మసకబారకుండా కాపాడుతుంది, కాస్త నీలి ఛాయ ఇస్తుంది. అడుగున చేయాల్సిన ఈ పనిలో ఎక్కడ కక్కుర్తి పడినా ఏడాది తిరగకముందే పూత పొక్కులు లేస్తుంది, పాత సున్నం గీకకుండా వేసిన రంగు లేచినట్టు. క్యాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లకు మరో చిక్కు ఉంది. అలంకారపు పూతల్లో వాడే హెక్సావేలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం కాబట్టి ఆ రాష్ట్ర వాయు వనరుల మండలి 2023లో నిబంధన తెచ్చింది. దాని ప్రకారం 2027 నుంచి, కొన్ని షరతులు పాటించే షాపులైతే 2030 నుంచి, అలంకారపు పనికి దాన్ని వాడకూడదు. దానికి బదులు వాడే ట్రైవేలెంట్ క్రోమియం పద్ధతిలో వేసిన పూత రంగు కొద్దిగా వేరుగా కనిపిస్తుంది. ఒకే జతలో రెండు రకాలు కలపకండి. ఇవన్నీ ఆలోచిస్తే తయారుగా అమ్మే జతను కొనడమే మేలు.

బోల్టుల విషయంలో మాత్రం నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. యాక్సిల్ (చక్రపు ఇరుసు), క్యాలిపర్ బోల్టులు, ఫోర్కును పట్టి ఉంచే క్లాంపు బోల్టులు – వీటిని ఊళ్లో ప్లేటింగ్ షాపుకు పంపకండి. ఆమ్లంలో ముంచి కరెంటు పారించినప్పుడు హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడుతుంది. గట్టి ఉక్కు దీనివల్ల పెళుసుగా మారుతుంది. పూత వేసిన కొద్ది గంటల్లోనే దాదాపు 190 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి కాల్చితే ఆ హైడ్రోజన్ బయటకు పోతుంది. ఆ పని చేశారో లేదో కంటితో చూసి చెప్పలేం. బాగా బిగించిన బోల్టు రెండు రోజుల తర్వాత, ఎవరూ ముట్టుకోకుండానే, తల తెగి పడవచ్చు. బ్రేకు దగ్గర అది జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మెరుపు కావాలంటే అసలు బోల్టునే ఉంచి, దాని తల మీద క్రోమ్ టోపీ పెట్టండి.

కొత్త కాళ్లు ఇంటికి వచ్చాక వెంటనే పని మొదలుపెట్టకండి. దీపం కింద పెట్టి పై అంచు లోపల, నూనె కారకుండా ఆపే ఆయిల్ సీల్ కూర్చునే చోట, గోరుతో మెల్లగా చుట్టూ తడమండి. పూత అంచు అక్కడ చిన్న గట్టులా తేలి ఉంటే గోరు తట్టుకుంటుంది. ఆ గట్టు తర్వాత రేకుల్లా ఊడి నూనెలో కలుస్తుంది, గొట్టం జారే కడియాన్ని, అంటే బుష్‌ను గీరేస్తుంది. అలాంటివి తిప్పి పంపేయండి. తర్వాత యాక్సిల్‌ను దాని రంధ్రంలో చేత్తో దూర్చి చూడండి. సాఫీగా జారాలి. సుత్తితో కొట్టి దూర్చాల్సి వస్తే రంధ్రంలోకి పూత పాకిందన్న మాట. మడ్‌గార్డు బోల్టుల మరలనూ ఒక్కొక్క బోల్టు వేసి సరిచూడండి.

ఇక విప్పడం. బండిని ఫ్రేము కింద జాకీతో లేపి, ముందు చక్రం నేలకు తగలకుండా నిలబెట్టండి. వెనుక చక్రాన్ని పట్టీలతో కట్టేయండి. ముందుగా క్యాలిపర్లు తీసి, తీగతో ఫ్రేముకు వేలాడదీయండి. వాటి బరువు బ్రేకు గొట్టం మీద పడకూడదు. ప్యాడ్ల మధ్య చిన్న చెక్క ముక్క పెట్టండి. పొరపాటున ఎవరైనా లివర్ నొక్కినా పిస్టన్లు బయటకు రావు. యాక్సిల్ నట్టు విప్పి, కుడి కాలి అడుగున యాక్సిల్‌ను పట్టి ఉంచే క్యాప్ నట్లు వదులు చేసి, యాక్సిల్ లాగేసి చక్రం దించండి. స్పేసర్లు ఏ వైపువి ఆ వైపే ఉండేలా ఫోను తీసి ఫొటో పెట్టుకోండి. ఆ తర్వాత మడ్‌గార్డు.

కాలి అడుగున లోపలికి దిగిన ఒక అలెన్ బోల్టు ఉంటుంది. దాన్ని ఫోర్కు బండి మీద ఉన్నప్పుడే వదులు చేయాలి. స్ప్రింగు ఒత్తిడి లోపలి డ్యాంపర్‌ను (ఊగిసలాటను తగ్గించే భాగాన్ని) అదిమి పట్టి ఉంచుతుంది కాబట్టి బోల్టు సులువుగా తిరుగుతుంది. ఫోర్కు బయటకు తీశాక ప్రయత్నిస్తే బోల్టుతో పాటు డ్యాంపర్ కూడా గిరగిరా తిరుగుతూ ఉంటుంది. వదులు చేసి, మళ్లీ చేత్తో బిగించి వదిలేయండి. దీనికి ఇంపాక్ట్ గన్ ఉంటే క్షణంలో పని అవుతుంది.

రోడ్ కింగ్‌లో ఫోర్కు పైభాగం హెడ్‌లైటు చుట్టూ ఉన్న నెసెల్ లోపల ఉంటుంది. నెసెల్ తీశాక పై బోల్టు, కింది క్లాంపు బోల్టు వదులు చేస్తే కాలు మెలితిప్పుతూ కిందికి లాగవచ్చు. ఫోర్కు పైనున్న మూత విప్పేటప్పుడు దాని మీదికి వంగి చూడకండి. కింద స్ప్రింగు ఎదురు తన్నుతూ ఉంటుంది. నూనె వంచేసి, అడుగు బోల్టు పూర్తిగా తీసి, డస్ట్ సీల్, లోపలి రింగు ఊడదీయండి. తర్వాత కాలిని లోపలికి నెట్టి, గట్టిగా బయటకు ఈడ్వండి. మూడు నాలుగు సార్లు ఈడిస్తే పాత సీల్, బుష్ తమంతట తామే బయటపడతాయి. కొన్ని సంవత్సరాల బళ్లలో ఎడమ, కుడి కాళ్ల లోపలి అమరిక ఒకటే కాదు, నూనె కొలత కూడా ఒకటే కాదు. రెండింటినీ వేర్వేరు పళ్లేల్లో పెట్టుకోండి.

ఇప్పుడు లోపలి గొట్టాన్ని శుభ్రంగా తుడిచి పరీక్షించండి. దాని మీద ఉన్నదీ క్రోమే, కానీ అది అలంకారం కోసం కాదు, అరుగుదల తట్టుకోవడానికి వేసిన మందమైన గట్టి క్రోమ్. దాని మీద తుప్పు గుంట ఒక్కటి ఉన్నా కొత్త సీల్ పెదవిని కోసేస్తుంది. గుంట సీల్ జారే చోట ఉంటే గొట్టమే మార్చాలి. కొత్త కాళ్లకు పాత సీల్స్ వేయడమంటే నాలుగు రోజుల్లో ఆ మెరిసే కాలి మీదే నూనె చారలు చూసుకోవడమే.

బిగించేటప్పుడు మొదట బుష్, ఆపైన స్పేసర్ రింగు, ఆపైన సీల్. సీల్ పెదవికి ఫోర్కు నూనె రాసి, గొట్టం చివరకు పలచని ప్లాస్టిక్ సంచి తొడిగి జార్చండి. పదునైన అంచు తగలదు. సీల్ దించే పనిముట్టు లేకపోతే గొట్టం మీద జారేంత పీవీసీ పైపు ముక్క చాలు. సీల్ వాలకుండా సమంగా దిగాలి, రింగు గాడి పూర్తిగా కనబడాలి. అడుగు బోల్టుకు కొత్త రాగి వాషరే వేయండి. నూనె కంపెనీ చెప్పిన ‘టైప్-ఇ’ (Type E) రకం. కొలత మీ బండి సర్వీస్ పుస్తకంలో చూసి పోయండి. టార్క్ (బోల్టు ఎంత బలంగా బిగించాలో చెప్పే) అంకెలకూ ఆ పుస్తకమే ఆధారం. సంవత్సరాన్ని బట్టి మారే అంకెలను ఇక్కడ రాసి మిమ్మల్ని తప్పుదారి పట్టించలేను.

క్రోమ్ మీద గీత పడేది సాధారణంగా చివరి పది నిమిషాల్లోనే. సాకెట్ అంచుకు మాస్కింగ్ టేపు చుట్టండి, కాళ్లకు మెత్తని గుడ్డ కట్టండి. అల్యూమినియంలో ఉక్కు బోల్టు ఏళ్ల తరబడి ఉంటే పట్టేస్తుంది. మడ్‌గార్డు బోల్టులకు పుస్తకం ఏది చెబితే అది, మర వదులవకుండా ఆపే లాక్ ద్రవమైనా సరే, పట్టేయకుండా ఆపే యాంటీ సీజ్ అయినా సరే, ఒక చుక్క వాడండి. రెండూ కలిపి వాడకండి.

కాళ్లను తిరిగి క్లాంపుల్లో బిగించి, చక్రం ఎక్కించాక వరుస ముఖ్యం. ముందు యాక్సిల్ నట్టు బిగించండి. కుడి కాలి క్యాప్ నట్లు వదులుగానే ఉంచి, జాకీ దించి, హ్యాండిల్‌బార్ పట్టుకుని ఫోర్కును నాలుగైదు సార్లు కిందికి అదమండి. రెండు కాళ్లూ తమ సహజమైన దూరంలో కుదురుకుంటాయి. ఆ తర్వాతే క్యాప్ నట్లు. ఈ మెట్టు వదిలేస్తే కాళ్లు ఒకదాన్నొకటి లాగుతూ ఉంటాయి. ఫోర్కు బిగుసుగా కదులుతుంది, సీల్స్ ఒక వైపే అరుగుతాయి.

క్యాలిపర్లు బిగించాక బ్రేకు లివర్‌ను గట్టిపడే దాకా నొక్కుతూనే ఉండండి. ప్యాడ్లు వెనక్కి జరిగి ఉంటాయి కాబట్టి మొదటి నొక్కుడుకు బ్రేకు పడదు. లివర్ గట్టిపడకముందు బండిని అంగుళం కూడా కదపకండి. ఆపైన వీధిలోనే నెమ్మదిగా నడిపి, ఆపి చూడండి. వంద కిలోమీటర్లు తిరిగాక ప్రతి బోల్టునూ మరోసారి టార్క్ రెంచితో సరిచూడండి, సీల్ కింద వేలితో తుడిచి నూనె తడి ఉందేమో చూడండి.

సంరక్షణకు మామూలు బండి సబ్బు, మెత్తని గుడ్డ చాలు. గరుకు పాలిష్ ముట్టించకండి. ఆ సన్నని క్రోమ్ పొర కాస్తా పోతే వెనక్కి రాదు. షికాగో, న్యూజెర్సీ వైపు చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. విశాఖ సముద్రపు గాలిలోనూ ఉప్పే. ఈ రెండు చోట్లా ఉండేవారు తిరిగి వచ్చిన ప్రతిసారీ మంచి నీటితో కడిగి, మడ్‌గార్డు బోల్టుల చుట్టూ మూలల్లో తేమ లేకుండా తుడవాలి. తుప్పుకు గుర్తైన తెల్లటి పొడి మొదట కనిపించేది అక్కడే.

నాలుగవ పాఠంలో, ఎలాగూ ఇప్పుడు విప్పిన నెసెల్‌కే క్రోమ్ తొడుగు వేసి, హెడ్‌లైటు ఎత్తు మళ్లీ సరిచేద్దాం. అందాకా నెసెల్‌ను తిరిగి దాని చోట బిగించే ఉంచి, ఏ బోల్టు ఎక్కడిదో చీటీ రాసి పెట్టుకోండి.