"మీ గురించి చెప్పండి" దగ్గరే ఆగిపోతున్నారా?

జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లోనో, చౌటుప్పల్ వైపు ఫార్మా కంపెనీల్లోనో వాక్-ఇన్ (నేరుగా వెళ్లి హాజరయ్యే ఇంటర్వ్యూ) ఉందంటే చాలు, పాలమూరు, నల్లగొండ బీఎస్సీ కెమిస్ట్రీ పిల్లలు ఫైళ్లు పట్టుకొని పొద్దున్నే బస్సెక్కుతారు. సబ్జెక్టు బాగా వచ్చినవాళ్లు కూడా మొదటి ప్రశ్నకే తడబడి వెనక్కొస్తుంటారు.

సమస్య: గడగడా చెప్పేశారు. అవతలాయన "ఊఁ" అని రెజ్యూమె తిరగేస్తున్నాడు.

కారణం: ఊరు, నాన్న రైతు, అమ్మ గృహిణి, హాబీ పాటలు వినడం. మీకన్నా ముందు లోపలికి పోయినవాళ్లూ ఇవే చెప్పారు. తప్పేం లేదు గానీ, వీటిలో పట్టుకొని అడగడానికి ఏమీ దొరకదు.

పరిష్కారం: పేరు, కోర్సు, కాలేజీ ఒక్క ముక్కలో ముగించి, మీ చేత్తో చేసిన పనికి రండి. "సార్, నా పేరు ఫలానా. మహబూబ్‌నగర్‌లో బీఎస్సీ ఫైనలియర్. ల్యాబ్‌లో టైట్రేషన్ బాగా చేతికొచ్చింది, రీడింగులు కలిసేదాకా వదలను. క్యూసీలో పని నేర్చుకుందామని వచ్చాను." (క్యూసీ అంటే క్వాలిటీ కంట్రోల్, మందుల నాణ్యత పరీక్షించే విభాగం. టైట్రేషన్ అంటే ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా కలుపుతూ ఇంకోదాని గాఢత తేల్చడం, ఇక ఆపాలని తెలిసే చోటే ఎండ్ పాయింట్.)

ఇక ఆయన అటే వస్తాడు. "ఎండ్ పాయింట్ ఎట్ల తెలిసింది?" బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్, ఫ్లాస్కులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అందులో రంగుతో గుర్తు చూపే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు, లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే ఆపేశానని చెప్తారు. "ఇంకాసేపు ఉంచితే రంగు ఎందుకు పోతుంది?" గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల. చూశారా, ప్రశ్న ఆయనది, దారి మీది. రంగు ముదిరితే ఆ రీడింగు పక్కనపెట్టి మళ్లీ చేశానని చెప్పినా మంచి మార్కులే. క్యూసీలో రీడింగు దిద్దడాన్ని మించిన తప్పు లేదు మరి.

చేయనిది మాత్రం చెప్పకండి. హెచ్‌పీఎల్‌సీని (మందులోని పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్రం) దూరం నుంచి చూసి "ఆపరేట్ చేశాను" అన్నవాళ్లు అందులో పారే ద్రావకం గురించి "మొబైల్ ఫేజ్ ఏం వాడారు?" అనగానే దొరికిపోతారు.

సమస్య: ఒక్క మాట మరిచిపోతే మొత్తం ఆగిపోతోంది.

కారణం యూట్యూబ్‌లో దొరికిన ఇంగ్లిష్ పేరా బట్టీ పట్టడం. ఎవరు, ఏం చేశాను, ఇక్కడికే ఎందుకొచ్చాను: ఈ వరుస గుర్తుంటే చాలు. ముందు దోస్తుకు తెలుగులో చెప్పి చూడండి, తర్వాత అదే చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో. మధ్యలో ఆగితే "తెలుగులో చెప్పొచ్చా సార్?" అని అడగడం నామోషీ కాదు. కాకపోతే ల్యాబ్ రికార్డులు ఇంగ్లిష్‌లోనే రాయాలి, అది తప్పించుకోలేరు.

సమస్య: వాట్సాప్‌లో బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

"హాయ్ సార్, జాబ్ ఉందా" అంటే ఎవరికని చెప్తారు? పేరు, కోర్సు, ఏ పోస్టుకు, ఎప్పుడు చేరగలరు, ఇవి నాలుగు లైన్లలో రాసి రెజ్యూమె పీడీఎఫ్‌గా పెట్టండి. ఫైలుకు మీ పేరే ఉండాలి, "న్యూ ఫైనల్ 2" కాదు.

సమస్య: అంతా బాగా చెప్పారు, చివర్లో చేజారింది.

"షిఫ్టులు చేస్తారా?" అంటే "ఇంట్లో అడిగి చెప్తా" అన్నారు, అందుకే. ఫార్మాలో రాత్రి షిఫ్టులు మామూలే. ఇంట్లో ఆ మాట ముందురోజే తేల్చుకొని వెళ్లండి. కంపెనీ బస్సు మీ ఊరి దాకా వస్తుందో లేదో అక్కడే అడగండి. చేరాలన్న ఉద్దేశం ఉన్నవాళ్లే ఆ ప్రశ్న అడుగుతారని వాళ్లకూ తెలుసు.