వాద్యబృందం నుంచి పది వేళ్ళకు – నాలుగో పాఠం: నిలవని స్వరాన్ని నిలపడం

వాద్యబృందం వాయించిన సినిమా సంగీతాన్ని పియానో మీదికి దించుకోవడం నేర్పే పాఠాలివి. మూడో పాఠం చివర ఇచ్చిన పని పూర్తి చేసి ఉంటే మీ కాగితం మీద ఇప్పుడు రెండు వరుసలు ఉంటాయి. పైన పాట, కింద మంద్రస్వరాలు. నడుమ వాద్యబృందం చేసిన హడావుడినంతా పక్కన పెట్టమన్నాను. ఇప్పుడు ఆ రెండు వరుసలనూ పియానో మీద వాయిస్తే అసలు చిక్కు బయటపడుతుంది. వయొలిన్లు ఎనిమిది లెక్కల (తాళపు దెబ్బల) పాటు పట్టుకున్న స్వరం మీ చేతిలో నాలుగో లెక్కకే నీరసించిపోతుంది. "మెట్టు నొక్కే ఉంచానండీ, అయినా పోతోంది" అని పాతపట్నం నుంచి మహేంద్రతనయ నది దాటి నా దగ్గరికి వచ్చే ఒకాయన వాపోయారు. పోతుంది మరి. ఆయన నలభై ఏళ్ళుగా పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తున్నారు. ఆ చేతికి స్వరం పోవడమంటే ఏమిటో తెలియదు.

మా పర్లాకిమిడి వైపు సంగీతం చేతికి అంటుకునేది హార్మోనియంతోనే. తెలుగు పద్యానికీ అదే పెట్టె, ఒడియా భజనకూ అదే పెట్టె. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివే పిల్లలకు కూడా సరిగమలు రెండుసార్లు నేర్పనక్కరలేదు. కానీ ఆ పెట్టెలో స్వరానికి ప్రాణం తిత్తిలో ఉంటుంది. గాలి ఆడుతున్నంతసేపూ స్వరం బతికే ఉంటుంది. పియానోలో సుత్తి తీగను ఒకసారి కొట్టి వెనక్కి వస్తుంది, అంతే. ఆ తరువాత మీరు మెట్టును ఎంత గట్టిగా అదిమినా తీగకు ఆ సంగతి తెలియదు. మరో మాట. హార్మోనియం వాయించేవారి ఎడమచేయి జీవితమంతా తిత్తి ఆడిస్తూనే గడుపుతుంది. వేళ్ళున్నాయన్న సంగతే మరిచిపోతుంది. ఈ పాఠంలో దాన్ని కూడా పనిలో పెడదాం.

ముందు ఒక చిన్న పరీక్ష. కీబోర్డులో వయొలిన్ల ధ్వని పెట్టుకుని "నిలుస్తోందిగా" అనవద్దు. పియానో ధ్వనే ఉంచండి. మంద్రంలో ఒక స నొక్కి, అది వినబడకుండా పోయేదాకా మనసులో లెక్కపెట్టండి. మధ్యస్థాయి సతోనూ, ఆపై తారస్థాయి సతోనూ అలాగే చేయండి. పైకి వెళ్ళిన కొద్దీ లెక్క తగ్గిపోతుంది. మూడు అంకెలూ రాసి పెట్టుకోండి. పాటలో పొడుగు స్వరం ఎక్కడ పడుతుందో, అక్కడ మీ చేతిలో ఎన్ని లెక్కల ఆయువు ఉందో అప్పుడు తెలుస్తుంది. లోటు పడిన చోటల్లా ఏదో ఒక ఉపాయం చేయాలి.

మంచి పియానో ప్రతులు (స్వరాలు రాసిన కాగితాలు) ఎందుకు అరుదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. హాలీవుడ్‌లో సినిమా సంగీతాన్ని పూర్తి వాద్యబృంద ప్రతితో పాటు, మూడు నాలుగు వరుసలకు కుదించిన ప్రతిగా కూడా రాసుకునేవారు. ఎం.జి.ఎం. స్టూడియో 1960ల చివర తన సంగీత భాండాగారాన్ని పారబోసినప్పుడు పూర్తి ప్రతులు చెత్తలో కలిసిపోయాయి. చాలా చిత్రాలకు ఆ కుదించిన ప్రతులే మిగిలాయి. జాన్ విల్సన్ అనే ఆంగ్ల సంగీత నిర్వాహకుడు వాటిని ముందు పెట్టుకుని, సినిమా శబ్దాన్ని మళ్ళీ మళ్ళీ వింటూ వాద్యబృంద సంగీతాన్ని తిరిగి కూర్చారు. మనం చేసేది దానికి ఎదురు దారి. అయితే ఒక జాగ్రత్త. కుదించిన ప్రతి చూడటానికి పియానో కోసమే రాసినట్టు ఉంటుంది గానీ అది పియానో కోసం కాదు. అందులో నాలుగు లెక్కల స్వరం నాలుగు లెక్కల స్వరంగానే ఉంటుంది, వాయించేది వయొలిన్లు కాబట్టి. దాన్ని ఉన్నదున్నట్టు పియానో మీద పెడితే సగం పాట గాలిలో కలిసిపోతుంది. పాత తెలుగు పాటలకైతే ఆ మాత్రం కాగితం కూడా మన చేతికి రాదు. చెవే ప్రతి.

ఇక ఉపాయాలు. అన్నిటికన్నా తేలికది మళ్ళీ కొట్టడం. పొడుగు స్వరాన్ని రెండుగానో నాలుగుగానో విడగొట్టి, రెండోసారి మొదటిదానికన్నా మెత్తగా మోగించడం. మాండలిన్ వాయించేవారు చేసేది ఇదే, చాలా వేగంగా చేస్తారు. పియానోలో ఆ వేగాన్ని ఒకే మెట్టు మీద తేవడం కష్టం. ఒక స్థాయి (స నుంచి పై స దాకా) దూరంలో ఉన్న రెండు స్వరాల మధ్య చేతిని ఊపితే కొంత నయం. నాకు ఇది అంతగా నచ్చదు. తుపాను దృశ్యానికి బాగుంటుంది, ప్రేమ దృశ్యానికి వణుకు రోగంలా వినిపిస్తుంది.

అసలు మేలైన దారి పొడుగు స్వరం కింద వేరే స్వరాలను నడిపించడం. పైన స్వరం తగ్గుతూ ఉంటుంది, కింద కదలిక సాగుతూ ఉంటుంది. వినేవారి చెవి పై స్వరం ఇంకా ఉందనే అనుకుంటుంది. దీనికి నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ 1958లో వచ్చిన హిచ్‌కాక్ చిత్రం 'వెర్టిగో'. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ దాని ఆరంభ సంగీతంలో ఒకే గుచ్ఛంలోని (కలిపి మోగించే స్వరాల గుంపులోని) స్వరాలను ఒకవైపు దిగుతూ, మరోవైపు ఎక్కుతూ, అద్దంలో బొమ్మలా ఎదురెదురుగా తిప్పారు. కళ్ళు తిరిగే జబ్బు మీద సినిమా, కళ్ళు తిరిగే స్వరాలు.

ఆ గుచ్ఛం మనకు కొత్తది కాదు. హార్మోనియం లెక్కలో రెండున్నర శ్రుతిని సగా పెట్టుకోండి, అంటే రెండో తెల్లమెట్టుకు కుడిపక్కనున్న నల్లమెట్టు. దాని మీద సాధారణ గాంధారం, పంచమం, కాకలి నిషాదం. స-గ-ప-ని. కీరవాణి రాగం పాడేవారికి నాలుగూ తెలిసిన స్వరాలే. మెట్ల మీద చూస్తే రెండున్నర, నాలుగున్నర, ఆరున్నర, ఆపై స్థాయిలోని రెండో తెల్లమెట్టు. మూడు నల్లవి, ఒక తెల్లది. కీరవాణిలో ని నుంచి స మీదికి వెళ్తే హాయిగా ఇంటికి చేరినట్టు ఉంటుంది. ఇక్కడ ఆ రెండింటినీ కలిపి మోగించి, ఇంటికి పోనివ్వకుండా గుమ్మంలోనే నిలబెట్టారు. ఆ అశాంతి అంతా అందులోంచి వచ్చిందే.

ఇప్పుడు మీ చేతులు. కింద ఇస్తున్నది ఆ గుచ్ఛంతో నేను కూర్చిన కసరత్తు. సినిమాలోని వరుసకు నకలుగా తీసుకోవద్దు.

కుడిచేయి, మధ్యస్థాయి: ని ప గ స గ ప
ఎడమచేయి, దానికి ఒక స్థాయి కింద: స గ ప ని ప గ

రెండూ ఒకేసారి మొదలవుతాయి. కుడిచేతి బొటనవేలు స మీద, చూపుడువేలు గ మీద, మధ్యవేలు ప మీద, చిటికెన వేలు ని మీద. ఎడమచేతిలో స దగ్గర చిటికెన వేలు, గ దగ్గర మధ్యవేలు, ప దగ్గర చూపుడువేలు, ని దగ్గర బొటనవేలు. స నుంచి ని దాకా దూరం పూర్తి స్థాయికన్నా ఒక మెట్టు తక్కువే కాబట్టి చిన్న చేతులకూ అందుతుంది. మొదటి మూడు రోజులు చేతులను విడివిడిగా, ఒక్కో స్వరానికి ఒక్కో లెక్క చొప్పున నడపండి. ఎడమచేయి మొరాయిస్తుంది. మొరాయించనివ్వండి, కానీ దాని కోసం కుడిచేతి వేగం తగ్గించండి గానీ దాన్ని తరమవద్దు. చేతులు కలిశాక కుడిచేతిలో మొదటి నిని మాత్రం కొంచెం బరువుగా, మిగతా అయిదూ తేలికగా వాయించండి. ఇప్పుడు వినండి. ఆ ని ఆరు లెక్కల పాటు ఉన్నట్టే అనిపిస్తుంది. అది ఉండదు. ఉన్నట్టు అనిపించడమే మనకు కావలసింది.

ఇక పెడల్. నేను నిజమైన పియానోను మొదటిసారి తాకింది బరంపురంలో ఒక చర్చిలో. కుడివైపు పెడల్ కనబడగానే తిత్తి గుర్తొచ్చింది. పాదం వేసి నొక్కి ఉంచాను. నాలుగు పంక్తులు గడిచేసరికి గుడి గంటలన్నీ ఒకేసారి మోగినట్టు అయింది. ఎవరూ ఏమీ అనలేదు. ఒక పెద్దాయన మాత్రం వచ్చి నా పాదాన్ని మెల్లగా పక్కకు జరిపారు.

జరిగింది ఇది. ఒక్కో తీగ మీద ఒక్కో మెత్తటి దిండు ఆని ఉంటుంది, మెట్టు వదలగానే తీగను మూగబోయేలా చేయడం దాని పని. (మరీ పైనున్న చిన్న తీగలకు ఈ దిండ్లు ఉండవు, అవి ఎలాగూ వెంటనే చచ్చిపోతాయి.) పెడల్ నొక్కితే దిండ్లన్నీ ఒక్కసారిగా లేచిపోతాయి. కొట్టిన తీగలే కాక కొట్టని తీగలు కూడా తోడుగా సన్నగా మోగడం మొదలుపెడతాయి. అందువల్ల పెడల్ మీకు కావలసిన స్వరాన్ని నిలుపుతుంది, అక్కరలేనిదాన్నీ నిలుపుతుంది. స్వరం మోగాక పెడల్ నొక్కాలి, ముందు కాదు. మంద్రస్వరం మారిన క్షణంలో పాదం పైకి, కొత్త స్వరం చెవిలో పడగానే మళ్ళీ కిందికి. ముందు చేయి, వెనుక పాదం. తాళం వేసే అలవాటున్నవారికి పాదం దెబ్బ మీదే పడుతుంది, ఇక్కడ అది పనికిరాదు.

ఎక్కడ ఎంతసేపు నొక్కవచ్చో తెలియాలంటే రాగాన్ని అడగండి. నాలుగున్నర శ్రుతిని సగా పెట్టుకుని నల్లమెట్లు మాత్రమే వాయించండి. స రి గ ప ధ, అచ్చంగా మోహన రాగం. ఇందులో పక్కపక్క మెట్లు ఒరుసుకునే చోటు ఒక్కటీ లేదు. ఎన్ని స్వరాలు కలిసిపోయినా వెన్నెలలానే ఉంటుంది. 1957 నాటి 'మాయాబజార్'లోని పడవపాట 'లాహిరి లాహిరి లాహిరిలో' మోహనలోనిదే. బాణీ సాలూరి రాజేశ్వరరావు గారిది, వాద్యగోష్ఠి కూర్చి పూర్తి చేసింది ఘంటసాల గారు. సాలూరి వారు పుట్టిన శివరామపురం సాలూరు దగ్గరిదే, అక్కడి నుంచి ఘాటు ఎక్కితే కొరాపుట్ సీమ. మాకు పొరుగింటివారన్న గర్వం కొద్దిగా ఉంది. ఆ పాటను నల్లమెట్ల మీద చెవితో వెతకండి. ఎడమచేత మంద్రంలో స, ప మార్చి మార్చి, తెడ్డు వేసినంత నెమ్మదిగా. ఇక్కడ పెడల్‌ను ఒక పంక్తి అంతా ఉంచినా నష్టం లేదు. అదే పాదాన్ని కీరవాణి కసరత్తు మీద పెట్టండి. ని, స ఒరుసుకుని మంట పుడుతుంది. హెర్మన్ దృశ్యానికి ఆ మంట కావాలి, కాబట్టి అక్కడ కొంత ఉంచండి. భక్తి పాటలో అయితే వెంటనే తుడిచేయండి.

గమకం, అంటే స్వరాన్ని జార్చి ఊపి పలికించడం, దాని సంగతి చాలామంది అడిగారు. 1945 నాటి 'స్పెల్‌బౌండ్' చిత్రానికి సంగీత దర్శకుడు మిక్లోష్ రోజా వాడిన థెరమిన్ అనే వాద్యంలో స్వరం నుంచి స్వరానికి జారడమే తప్ప గెంతడం ఉండదు. పియానోకు గెంతడమే తప్ప జారడం రాదు. హార్మోనియానికీ అంతే, 1940 నుంచి 1971 దాకా ఆలిండియా రేడియో దాన్ని దూరం పెట్టడానికి చెప్పిన కారణాల్లో అదొకటి. గమకపు ఛాయ కావాలంటే అసలు స్వరానికి ముందు పక్క మెట్టును రెప్పపాటు తాకి వదలండి. పంక్తికి ఒక్కసారి చాలు. ఎక్కువైతే ఎక్కిళ్ళలా ఉంటుంది.

జారడం, నిలవడం రెండూ అక్కరలేని సంగీతం కూడా ఉంది. 1949 నాటి 'ది థర్డ్ మ్యాన్' చిత్ర సంగీతమంతా ఆంటన్ కరాస్ జిథర్ మీద వాయించిందే. జిథర్ మీటే వాద్యం, దాని స్వరం కూడా పుట్టగానే తగ్గడం మొదలుపెడుతుంది. అందుకే అది పియానో మీదికి చక్కగా వచ్చి కూర్చుంటుంది. మొదటి సొంత ప్రతి కోసం వయొలిన్ల పాట కాకుండా ఇలా మీటే వాద్యం ముందున్న పాటను ఎంచుకుంటే సగం కష్టం తప్పుతుంది.

ఈ పదిహేను రోజులకు పని. కీరవాణి కసరత్తు రోజూ పది నిమిషాలు, అందులో ఏడు ఎడమచేతికి. పడవపాట పల్లవి రెండు చేతులతో. తరువాత మూడో పాఠంలో రాసుకున్న మీ కాగితం తీసి, ఆయువు చాలని ప్రతి పొడుగు స్వరం మీదా పెన్సిలుతో గుర్తు పెట్టండి. మళ్ళీ కొట్టాలా, కింద కదలిక పెట్టాలా, పెడల్‌కు వదలాలా, పక్కనే రాయండి. కొన్ని చోట్ల నాలుగోది కూడా రాయవచ్చు: పోనివ్వాలి. మీ కీబోర్డులో అరవై ఒక్క మెట్లే ఉంటే ఎడమచేయి కిందికి వెళ్ళి మెట్లు లేక ఆగిపోయిన చోట్లను కూడా వేరే రంగుతో చుట్టండి. అయిదో పాఠంలో వాటి సంగతి చూద్దాం.