ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్‌కు రివ్యూ రాసే ముందు జాగ్రత్తలు

• యాడ్-ఆన్ అంటే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు అదనంగా జోడించుకునే చిన్న ప్రోగ్రామ్. దాన్ని ముందు నాలుగు రోజులైనా వాడండి. ఇన్‌స్టాల్ చేసిన వెంటనే ఇచ్చే ఐదు స్టార్లు ఎవరికీ పనికిరావు.

• తప్పు నిజంగా దానిదేనా? అన్నిటికన్నా ముఖ్యం ఇదే. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంటుంది. అందులో యాడ్-ఆన్‌లన్నీ ఆగిపోతాయి. అక్కడ కూడా పేజీ తెరుచుకోకపోతే యాడ్-ఆన్‌ను అనకండి. అక్కడ బాగుంటే, మామూలుగా తెరిచి ఒక్కొక్కటే ఆపుతూ చూడండి. నేను ఓసారి అక్షరాలు కనిపించడం లేదని ఒక డార్క్ మోడ్ యాడ్-ఆన్‌కు ఒకే స్టార్ ఇచ్చాను. తీరా చూస్తే కారణం ఇంకో యాడ్-ఆన్. రివ్యూ వెంటనే మార్చాను కానీ, ఉచితంగా పనిచేసి పెట్టిన మనిషిని బాధపెట్టానన్న దిగులు పోలేదు. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు కూడా పాత తరహా యాడ్-ఆన్‌లు ఆగిపోయాయి. ఆ మార్పు బ్రౌజర్‌ది.

• యాడ్-ఆన్ వెర్షన్, విండోసా ఆండ్రాయిడా అన్నది రాసి పెట్టుకోండి.

• “వేస్ట్, పనిచేయట్లేదు” అని వదిలేయకండి. “విండోస్ 11లో అప్‌డేట్ అయ్యాక సేవ్ బటన్ నొక్కితే ఖాళీ ఫైల్ వస్తోంది, నిన్నటిదాకా బాగుంది” అంటే తయారుచేసినవాళ్లకు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. నచ్చినా అంతే, ఏ పనికి వాడారో చెప్పండి.

• సాయం కావాలంటే పేజీలో సపోర్ట్ లింక్ ఉందేమో చూడండి. రివ్యూ అందరికీ కనిపిస్తుంది కాబట్టి మెయిల్, ఫోన్ నంబరు రాయవద్దు.

• లోపం సరిచేశాక మీ పాత రివ్యూను సవరించడం మరిచిపోకండి.