మలావీ పల్లెలో వలంటీరుగా మొదటి మూడు నెలలు

డెడ్జా జిల్లాలోని ఒక ప్రభుత్వ సెకండరీ స్కూల్లో రెండేళ్లు లెక్కలు చెప్పాను. వలంటీరుగా మలావీ వెళ్తున్నామంటూ ఎవరు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న ఒకటే, ఏం సర్దుకోవాలని. తలకు పెట్టుకునే టార్చి, బ్రిటన్ తరహా పలకల్లాంటి మూడు పిన్నుల సాకెట్‌కు సరిపడే అడాప్టరు, మంచి స్వెటరు. ఆఫ్రికా కదా అని నేను స్వెటరు వదిలేసి వెళ్లాను. డెడ్జా పట్నం దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. జూన్, జూలైల్లో పొద్దుటి క్లాసులో చాక్‌పీసు పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. సర్దుకోవడం గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

దిగగానే నేర్చుకోవాల్సింది పలకరింపు. చిచేవా భాషలో పొద్దున "మ్వాద్జుకా బ్వాంజీ?" అంటారు, ఎలా నిద్ర లేచారని. పొద్దెక్కాక "మ్వాస్వేరా బ్వాంజీ?", పొద్దు ఎలా గడిచిందని. జవాబు చెప్పి "కాయ ఇను?", అంటే మరి మీరు, అని తిరిగి అడగాలి. ఈ తంతు అవకుండా పని మాట ఎత్తితే మోటుగా ఉంటుంది. నేను స్టాఫ్ రూమ్‌లోకి వస్తూనే "హాజరు పట్టీ ఎక్కడ?" అనేదాన్ని. ఒక పెద్దాయన తల కూడా ఎత్తకుండా "మ్వాద్జుకా బ్వాంజీ, మేడమ్" అనేవారు. నాకు ఎక్కడానికి మూడు రోజులు పట్టింది. ఇంటి నుంచి బడికి పదిహేను నిమిషాల నడక, పలకరింపులతో కలిపి నలభై. ఆ నలభై లెక్కేసుకునే బయల్దేరండి. మనకు కలిసొచ్చేది ఏంటంటే నువ్వు, మీరు తేడా వాళ్లకూ ఉంది: ఇవే, ఇను. అనుమానం వస్తే ఇను అనేయండి. మీ ఊరు ఉత్తర జిల్లాల్లో అయితే మాత్రం అక్కడ ఎక్కువగా వినపడేది టుంబుకా, ముందే కనుక్కోండి.

రెండో పని ఊరి పెద్ద దగ్గరికి వెళ్లడం. మీ అంతట మీరు వెళ్లొద్దు, బడివాళ్లలో ఎవరినైనా వెంటబెట్టుకోండి. గ్రామపెద్ద, ఆయన మీద కొన్ని ఊళ్లకు కలిపి ఒక పెద్ద, ఆ పైన ట్రెడిషనల్ అథారిటీ అనే ప్రాంతపు పెద్ద, ఇలా మెట్లుంటాయి. ఇదేదో మర్యాద కోసం ఉంచిన పదవి అనుకోకండి. ఈ డెడ్జా జిల్లాలోనే థెరీసా కచిందమోటో అనే సీనియర్ చీఫ్ వందల బాల్యవివాహాలు రద్దు చేయించారు. నేను రెండు కేజీల పంచదార, బట్టల సబ్బు పట్టుకెళ్లాను. ఇచ్చేటప్పుడు కుడిచేత్తో ఇస్తూ, ఎడమచేతిని కుడి మోచేతికి ఆనించి, కాస్త మోకాళ్లు వంచాను. ముందురోజు ఇంటి ఓనరమ్మ నాచేత రిహార్సల్ వేయించింది లెండి.

మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. మిమ్మల్ని చూడగానే పిల్లలు "అమ్వేన్యే!" అని అరుస్తారు. భారతీయులని అర్థం. ఆ మాట వెంటే "కొట్టు ఎక్కడ పెడతారు?" అని పెద్దవాళ్ల ప్రశ్న. మలావీలో మనవాళ్లంటే వ్యాపారులు. 1970ల్లో అప్పటి అధ్యక్షుడు బండా ప్రభుత్వం పల్లెల్లో దుకాణాలు నడిపే ఆసియా వాళ్లను పెద్ద పట్టణాలకు తరలించింది. అందుకే పల్లెలో, అదీ నీళ్ల పంపు దగ్గర బకెట్ పట్టుకుని నిలబడ్డ భారతీయురాలు వాళ్లకు వింత. నేను మొదట్లో నొచ్చుకున్నాను. తర్వాత "కొట్టు లేదు, లెక్కలున్నాయి, కావాలా?" అనడం నేర్చుకున్నాను. పంపు దగ్గర మర్యాదకు మిమ్మల్ని ముందుకు తోస్తారు. వెళ్లకండి, వరసలోనే ఉండండి. ఊరి కబుర్లన్నీ ఆ వరసలోనే తెలుస్తాయి.

ఇక నేను చేసిన తప్పు. వెళ్లిన రెండో వారమే, బడిలో మూలపడ్డ పుస్తకాలతో లైబ్రరీ పెడదామని మీటింగులో చెప్పాను. అందరూ బాగుందన్నారు. శనివారం తొమ్మిదికి రమ్మన్నాను. నేనొక్కదాన్నే వెళ్లాను. ఆ రోజు పక్క ఊళ్లో చావు, ఊరంతా అక్కడే. నాకు తప్ప అందరికీ తెలుసు. నాతో ఎందుకు చెప్పలేదంటే, అతిథి ముఖం మీద కాదనడం బాగుండదట. అప్పటి నుంచి "సరేనా?" అని అడగడం మానేసి "ఆ రోజు ఇంకేం పనులున్నాయి?" అని అడిగేదాన్ని. లైబ్రరీ ఐదో నెలలో తెరిచాం, ఆ స్టాఫ్ రూమ్ పెద్దాయన పూనుకుంటే.

మలీరో, అంటే చావు. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మీకు పరిచయం లేని మనిషే అయినా వెళ్లండి. ఆడవాళ్లయితే నడుముకు చిటెంజే గుడ్డ చుట్టుకోవాలి. మొదటి వారంలోనే రెండు కొనుక్కోండి. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చుంటారు. మొక్కజొన్న పిండో, కొద్దిగా డబ్బో ఇచ్చి నేల మీద కూర్చోవాలి. మాట్లాడక్కర్లేదు. నేను మొదటిసారి నాలుగు గంటలు అలాగే కూర్చున్నాను, కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోతే ఇద్దరు ముసలమ్మలు లేపారు. మర్నాటి నుంచి ఊళ్లో నన్ను మేడమ్ అనడం తగ్గి, పేరుతో పిలవడం మొదలైంది.

కొన్నిచోట్ల చావులకు గూలే వామ్‌కులు అనే ముసుగు నర్తకులు వస్తారు. యునెస్కో గుర్తింపు ఉన్న సంప్రదాయమే అయినా చేవా తెగవాళ్ల దృష్టిలో అది తమాషా కాదు. ఫోన్ తీయొద్దు, ముసుగు వెనక ఎవరని అడగొద్దు. పొలాల మధ్య దట్టమైన చెట్ల గుంపు కనపడితే షికారుకు పోవద్దు, చాలాసార్లు అది శ్మశానం.

డబ్బు అడుగుతారు. జనవరి, ఫిబ్రవరిల్లో మరీ ఎక్కువ. పాత పంట అయిపోయి, కొత్త మొక్కజొన్న ఏప్రిల్‌కు గానీ చేతికి రాని రోజులవి. విడివిడిగా అప్పులివ్వడం మొదలుపెడితే ఆగదు, నాకు అనుభవమే. ఇంట్లో పనికో, తోటపనికో మనిషిని పెట్టుకుని జీతం ఇవ్వండి, మిగతాది బడి ద్వారా చేయండి. చిల్లర నోట్లు ఉంచుకోండి, 5,000 క్వాచాల నోటుకు పల్లెలో చిల్లర దొరకదు.

ఆరోగ్యం గురించి ఒక్క మాటే: జ్వరం తగిలితే ఆ రోజే మలేరియా పరీక్ష, రేపు చూద్దాం అనొద్దు. మలేరియా రాకుండా మాత్రలు వేసుకుంటున్నా దోమతెర మానొద్దు.

సాయంత్రం ఆరింటికల్లా చీకటి పడిపోతుంది, కరెంటు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నాకు ఏడుపొచ్చేది ఆ వేళలోనే, అదీ మూడో నెలలో ఎక్కువ. ఆరున్నరకు నాకు ఇల్లు గుర్తొచ్చేది, అప్పటికి ఇండియాలో రాత్రి పది, అమ్మ పడుకునేది. అందుకని ఫోన్ చేసేది నాలుగున్నరకే పెట్టుకోండి. ఆ తర్వాత గుమ్మంలో "ఓడీ", అంటే లోపలికి రావచ్చా, అని ఎవరైనా పిలిస్తే "ఓడీనీ", రండి, అని తలుపు తీయండి. ఏం పని మీద వచ్చారని మాత్రం అడగకండి, చాలాసార్లు ఏ పనీ ఉండదు.