పదో తరగతి పరీక్షలు, ఫేర్‌వెల్: ఓ లెక్కల టీచర్ చెప్పే జాగ్రత్తలు

ముందు హాల్ టికెట్ చూడండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ వేలు పెట్టి చదవాలి. మా కోనసీమ బడిలో ఓ ఏడాది ఒకబ్బాయి ఇంటిపేరులో అక్షరం తారుమారైంది. లిస్టు సరిచూసింది నేనే, తప్పూ నాదే. మెమో దిద్దించడానికి వాళ్ల నాన్న కొబ్బరి దింపు పని మానుకుని తిరిగాడు. అప్పటినుంచి పిల్లల చేతే చదివించి సంతకం పెట్టిస్తున్నాను.

లెక్కల పేపరు 100 మార్కులు, పాసుకి 35. ఒక మార్కువి 12, రెండువి 8, నాలుగువి 8, ఎనిమిదివి 5 ప్రశ్నలు. ఎనిమిది మార్కుల ఒక్కోదానికి రెండేసి ప్రశ్నలిస్తారు, ఒకటి రాస్తే చాలు. మొదటి 15 నిమిషాలు చదవడానికే ఇచ్చారు కదా, ఏది రాయాలో అప్పుడే తేల్చుకోండి. జవాబు మధ్యలో ఆగిపోయినా అక్కడిదాకా కొట్టేయొద్దు, స్టెప్పులకీ మార్కులుంటాయి. చిన్నవి ముందు రాస్తే టెన్షన్ దిగుతుంది.

సెంటరు ముందురోజే చూసి రండి. కాలవ గట్టు మీద ఆటో ఆగిపోతే తొమ్మిదిన్నరకి చేరలేరు.

ఫేర్‌వెల్ ఫిబ్రవరిలోనే కానిచ్చేయండి. చందా తక్కువ పెట్టండి, ఇవ్వలేనివాళ్లని నలుగురిలో అడగొద్దు. కేకు ఎందుకండీ, తాపేశ్వరం కాజా ఉండగా! అమ్మ చీర కట్టుకొచ్చే ఆడపిల్లలు నాలుగు పిన్నీసులు ఎక్కువే తెచ్చుకోండి. గ్రూప్ ఫోటో పొద్దున్నే తీయించాలి, పదకొండు దాటితే అందరూ కళ్లు చికిలించేవాళ్లే.